గోడ మీద పటం వెనక: ప్రాంతీయ మ్యూజియంలో కళాప్రదర్శన ఎలా తయారవుతుంది

ఫ్రాన్స్‌లోని నార్మండీ ప్రాంతంలో బాయూ అనే చిన్న పట్టణం ఉంది. ఆ పట్టణానికి ఉన్న పేరంతా ఒక్క గుడ్డ వల్ల వచ్చింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన వృత్తాంతాన్ని దాదాపు 70 మీటర్ల పొడవైన అవిసెనార బట్ట మీద ఉన్ని దారాలతో కుట్టిన 11వ శతాబ్దపు పని అది. దాన్ని ఉంచిన మ్యూజియంను పునర్నిర్మాణం కోసం 2025లో మూసివేశారు. మూయడానికి కొద్ది వారాల ముందు, జులైలో, ఆ బట్టను 2026 సెప్టెంబరు నుంచి 2027 జులై వరకు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ప్రదర్శనకు అరువిస్తున్నట్టు ఫ్రాన్స్, బ్రిటన్ ప్రకటించాయి. వెంటనే వివాదం రేగింది. ఇంత పాత బట్టను కదపడమే ప్రమాదమని కొందరు సంరక్షకులు, కళాచరిత్రకారులు అభ్యంతరం చెప్పారు. ఎటూ భవనం ఖాళీ చేయడానికి దాన్ని కదపక తప్పదని, కదిపినప్పుడు ఇంకో దేశం వారు చూస్తే తప్పేమిటని మరికొందరు వాదించారు.

ఈ వివాదాన్ని బయటి నుంచి చదివినవారికి కొన్ని సందేహాలు రావడం సహజం. పట్టణ మ్యూజియంలో ఉన్న వస్తువును ప్రభుత్వం ఎలా అరువిస్తుంది? దారిలో ఏమైనా జరిగితే నష్టం ఎవరు కడతారు? ఇంతటి వస్తువు ఏడాది పాటు వెళ్లిపోతే ఆ ప్రాంతానికి దక్కేదేమిటి? నిజానికి ఏ దేశంలోనైనా, ఏ ప్రాంతీయ మ్యూజియంలోనైనా ఒక ప్రదర్శన తెరిచిన ప్రతిసారీ ఇవే ప్రశ్నలు చిన్న స్థాయిలో తలెత్తుతాయి. అవి చూడడానికి వచ్చేవారి దాకా రావు, అంతే.

ప్రాంతీయ మ్యూజియం అంటే ఏది, దానిలో ఉన్నవి ఎవరివి

ఒక పట్టణానికో జిల్లాకో రాష్ట్రానికో చెందిన చరిత్రను, కళను సేకరించి చూపే సంస్థను ప్రాంతీయ మ్యూజియం అంటున్నాం. దాన్ని నడిపేది పురపాలక సంఘం కావచ్చు, ప్రాంతీయ ప్రభుత్వం కావచ్చు, ధర్మకర్తల మండలి కావచ్చు. రాజధానిలోని జాతీయ మ్యూజియంతో పోలిస్తే దీని సేకరణ చిన్నది, సిబ్బంది తక్కువ. చాలాచోట్ల ప్రదర్శన ఆలోచించే క్యూరేటరు, వస్తువుల రాకపోకల లెక్క చూసే రిజిస్ట్రారు ఒక్కరే అయి ఉంటారు. వస్తువుల ఆరోగ్యం చూసే కన్జర్వేటరు, అంటే సంరక్షకుడు, ఉద్యోగిగా ఉండడం అరుదు. అవసరమైనప్పుడు బయటి నుంచి పిలిపించుకుంటారు.

మ్యూజియం నడిపేవారూ వస్తువు యజమానీ ఒకరే కానక్కర్లేదు. ఈ తేడాకు పాత చరిత్ర ఉంది. 1801లో ఫ్రాన్సు మంత్రి షప్తాల్ ఒక ఉత్తర్వు ద్వారా పారిస్‌లో పోగుపడిన చిత్రాలను 15 నగరాలకు పంచిపెట్టాడు. లియాన్, బోర్డో వంటి నగరాల మ్యూజియంల పుట్టుకకు అదే మూలం. ఆ ఉత్తర్వులో ఒక షరతు ఉంది: పటాలను ఉంచడానికి తగిన గ్యాలరీని నగరం తన సొంత ఖర్చుతో సిద్ధం చేసుకున్న తరువాతనే అవి పంపబడతాయి. రెండు వందల ఏళ్లు దాటినా కేంద్రానికీ ప్రాంతానికీ మధ్య బేరం ఈ వాక్యం చుట్టూనే తిరుగుతోందంటే అతిశయోక్తి కాదు. బాయూ బట్ట విషయమూ ఇలాంటిదే. దాన్ని చూసుకునేది పట్టణమే అయినా యాజమాన్యం ఫ్రెంచి ప్రభుత్వానిది. కాబట్టి అరువిచ్చే హక్కు కూడా దానిదే.

ఇక ప్రదర్శనలలో మూడు రకాలు ఉన్నాయి. మ్యూజియం తన సొంత వస్తువులతో ఏళ్ల తరబడి ఉంచేది శాశ్వత ప్రదర్శన. ఒక అంశం చుట్టూ సొంతవీ అరువువీ కలిపి కొన్ని నెలలు నడిపేది తాత్కాలిక ప్రదర్శన. ఒకచోట తయారై అనేక ఊళ్లు తిరిగేది సంచార ప్రదర్శన.

నిల్వగదిలో ఉన్నవన్నీ బయట ఎందుకు పెట్టరు

మ్యూజియంల మీద తరచుగా వినిపించే ఫిర్యాదు ఇది. అంకెలు చూస్తే ఆశ్చర్యం కలగక మానదు. బ్రిటిష్ మ్యూజియంలో దాదాపు 80 లక్షల వస్తువులు ఉంటే జనం చూడగలిగేవి సుమారు 80 వేలు, అంటే నూటికి ఒకటి. పారిస్‌లోని లూవ్ర మ్యూజియంలో దాదాపు 5 లక్షలలో సుమారు 35 వేలు. ప్రాంతీయ మ్యూజియంలలో నిష్పత్తి మారవచ్చు గాని, గోడ మీద ఉన్నవాటి కంటే లోపల ఉన్నవే ఎక్కువ అన్నది అంతటా నిజం.

దీనిలో కొంత భాగానికి కారణం సులభంగానే అర్థమవుతుంది. తవ్వకాల్లో దొరికిన కుండపెంకులు, ఒకే అచ్చు నాణేలు, పరిశోధకులకు తప్ప ఇతరులకు పనికిరాని నమూనాలు నిల్వలో అధికంగా ఉంటాయి. కాని మంచి చిత్రాలు, బట్టలు, చేతిరాతలు కూడా లోపలే ఉండిపోవడానికి అసలు కారణం వెలుతురు. రంగు వెలిసిపోవడానికి దీపం ఎంత ప్రకాశవంతమన్నది ఒక్కటే కొలత కాదు. ఎంత వెలుగు ఎంతసేపు పడిందన్న మొత్తమే ముఖ్యం. దీన్ని లక్స్-గంటలలో లెక్కిస్తారు. లక్స్ అంటే ఒక ఉపరితలం మీద పడే వెలుగు కొలమానం. వెలిసిన రంగును తిరిగి రప్పించే వైద్యం లేదు. అందుకే ప్రతి వస్తువుకూ ఏడాదికి ఇంత వెలుగు అని కోటా పెడతారు.

కాంతి ప్రమాణాలను నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ సీఐఈ 2004లో ఇచ్చిన సిఫారసులను ఉదాహరణగా తీసుకుందాం. పట్టుబట్ట, త్వరగా వెలిసే రంగులు, వార్తాపత్రిక కాగితం వంటివి అతి సున్నితమైనవి. వీటికి 50 లక్స్‌కు మించని వెలుగులో ఏడాదికి 15,000 లక్స్-గంటలు పరిమితి. మ్యూజియం రోజుకు 8 గంటలు తెరిచి ఉంటే రోజుకు ఖర్చయ్యేది 400 లక్స్-గంటలు. 15,000ను 400తో భాగిస్తే 37 రోజులు వస్తాయి. అంటే ఏడాదిలో మిగిలిన 328 రోజులూ ఆ పట్టుబట్ట చీకట్లో ఉండవలసిందే. వారానికి ఆరు రోజుల చొప్పున 13 వారాలు నడిచే ప్రదర్శనలో దాన్ని పెడితే 31,200 లక్స్-గంటలు ఖర్చవుతాయి. రెండేళ్లకు పైబడిన కోటా ఒక్క సీజనులో అయిపోతుంది. సరిగా కనిపించడం లేదని దీపాన్ని 100 లక్స్‌కు పెంచితే 37 రోజుల కోటా 18 రోజులకు కుదించుకుపోతుంది. పోలికకు, మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ వరకు ఉంటుంది. అదే బట్టను ఆ ఎండలో పెడితే ఏడాది కోటా తొమ్మిది నిమిషాలు!

తైలవర్ణ చిత్రాలకు ఇంత బాధ లేదు. వాటికి 200 లక్స్ వెలుగులో ఏడాదికి 6 లక్షల లక్స్-గంటలు అనుమతిస్తారు. రోజుకు 8 గంటల చొప్పున 300 రోజులు వేలాడదీసినా 4,80,000 మాత్రమే అవుతాయి. రాయి, లోహం, మట్టిపాత్రలకు వెలుతురు పరిమితే లేదు. శాశ్వత ప్రదర్శనలలో శిల్పాలు, తైలచిత్రాలు ఎక్కువగా, నీటిరంగుల చిత్రాలు తక్కువగా కనిపించడానికి కారణం క్యూరేటరు అభిరుచి అనుకుంటాం. నిజానికి అది ఎక్కువగా ఈ పట్టికే. నీటిరంగులు మధ్యరకం కిందికి వస్తాయి. 50 లక్స్‌లో 1,50,000 లక్స్-గంటల కోటా ఉన్నందువల్ల కాగితం మీది లెక్క ప్రకారం ఏడాదంతా ఉంచవచ్చు. అయినా చాలా మ్యూజియంలు మూడు నాలుగు నెలలకే తీసివేసి కొన్నేళ్లు విశ్రాంతి ఇస్తాయి. చిత్రకారుడు వాడిన పది రంగుల్లో ఏ ఒక్కటి బలహీనమైనదో తెలియనప్పుడు, ఆ ఒక్కదాన్ని బట్టి నడుచుకోవడమే క్షేమమని వారి లెక్క.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. 50 లక్స్ వెలుగులో వయసు మళ్లినవారికి సూక్ష్మమైన గీతలు కనిపించవు. రేపటివారి కోసం దాచిపెట్టి ఇవాళ్టివారికి చూపకపోతే, రేపటివారికీ అదే మాట చెప్పి ఇంకా తరువాతివారి కోసం దాచవలసి వస్తుంది కదా అని అడిగేవారున్నారు. ఈ రెండింటి మధ్య ఇటీవల బలపడిన దారి, నిల్వగదినే తెరవడం. రాటర్‌డామ్‌లో బోయ్‌మన్స్ మ్యూజియం 2021లో తన 1,51,000 వస్తువుల గిడ్డంగిని జనం తిరిగి చూసేలా కట్టింది. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 2025లో తెరిచిన స్టోర్‌హౌస్‌లో, కావలసిన వస్తువును ముందుగా అడిగి పెట్టుకుంటే సిబ్బంది తీసి దగ్గరగా చూపిస్తారు. అయితే ఇవి పెద్ద సంస్థలు చేయగలిగిన పనులు. ఒక్క గదిలో ఇనుప బీరువాల మధ్య నడిచే ప్రాంతీయ నిల్వకు ఇది అంత తేలిక కాదు.

అరువు తేవడం: ఉత్తరం నుంచి మేకు దాకా

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఒక ప్రాంతీయ మ్యూజియం తమ ఊరి నది మీద ప్రదర్శన పెట్టదలచింది. సొంత నిల్వలో పాత నక్షాలు, పడవ నమూనాలు, నాలుగు నీటిరంగుల చిత్రాలు ఉన్నాయి. ప్రదర్శనకు గుండెకాయ వంటి పెద్ద తైలచిత్రం మాత్రం రాజధానిలోని జాతీయ మ్యూజియంలో ఉంది. దాన్ని అరువడగాలి.

మొదటి ఉత్తరం ప్రదర్శన తేదీకి ఏడాదికో అంతకంటే ముందో వెళుతుంది. దానితో పాటు భవన వివరాల నివేదిక ఒకటి జతచేయాలి. 1801 నాటి ‘తగిన గ్యాలరీ’ షరతుకు ఇది నేటి రూపం. తలుపు ఎత్తెంత, వెడల్పెంత? లిఫ్టు ఎంత బరువు మోస్తుంది? రాత్రివేళ కాపలా ఎందరు? పొగ పసిగట్టే పరికరాలు ఎక్కడెక్కడ ఉన్నాయి, మంటలార్పడానికి నీళ్లు చల్లుతారా, వాయువు వదులుతారా? గత పన్నెండు నెలల్లో గదిలోని తేమ, ఉష్ణోగ్రతల నమోదు ఏది? చెదలు, పురుగుల బెడద ఎప్పుడైనా వచ్చిందా? ప్రదర్శన గది గోడకు అవతలి పక్క వంటగది ఉందా? చిన్న మ్యూజియంల అరువు కోరికలు చాలావరకు ఈ కాగితం దగ్గరే ఆగిపోతాయి.

ముఖ్యంగా తేమ విషయంలో. కొయ్య పలక, గుడ్డ, వాటి మీది రంగుపొర తేమకు వేరువేరుగా స్పందిస్తాయి; ఒకటి ఉబ్బి మరొకటి ఉబ్బకపోతే రంగు పెచ్చులు లేస్తుంది. అందువల్ల దశాబ్దాల పాటు గాలిలో తేమ 50 శాతం దగ్గర, అటూ ఇటూ 5 శాతం మించకుండా ఉండాలన్న నియమం పాటించారు. ఆ నియమం చల్లని దేశాల్లో, ఖరీదైన ఎయిర్ కండిషనింగ్ ఉన్న భవనాల్లో పుట్టింది. వేడి, ఉక్క ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ఏడాది పొడవునా దాన్ని పాటించాలంటే కరెంటు ఖర్చు తడిసి మోపెడవుతుంది. 2014లో సంరక్షకుల అంతర్జాతీయ సంఘాలు రెండు ఉమ్మడి ప్రకటన చేస్తూ, శాశ్వత ప్రదర్శనకు, నిల్వకు పెట్టే నిబంధనలు ఆయా ప్రాంతాల వాతావరణంలో సాధించగలిగినవిగా ఉండాలన్నాయి. పెద్ద మ్యూజియంల సంచాలకుల బృందం కూడా చాలా వస్తువులకు 40 నుంచి 60 శాతం తేమ, 16 నుంచి 25 డిగ్రీల వేడి సరిపోతాయని ఒప్పుకుంది. అయితే అరువిచ్చేవారి ఒప్పందాల్లో పాత అంకెలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. వస్తువు వారిది కాబట్టి మాటా వారిదే.

అన్నీ కుదిరి పటం బయలుదేరితే, కొలతకు చేసిన చెక్కపెట్టెలో, లోపల మెత్తని పొరల మధ్య, చాలాసార్లు ఒక ఉద్యోగి తోడుగా వస్తుంది. తోడు వచ్చే ఆ వ్యక్తిని కొరియర్ అంటారు. లారీ ఎక్కినది మొదలు పెట్టె మీద నుంచి కన్ను తీయకపోవడమే అతని పని. కోవిడ్ కాలంలో ప్రయాణాలు నిలిచిపోయినప్పుడు ఈ పనిని వీడియోలో చేయడం మొదలైంది. ఖర్చు తగ్గిందని చిన్న మ్యూజియంలు సంతోషించాయి, కెమెరా కంటికి అందనివి ఉంటాయని కొందరు రిజిస్ట్రార్లు పెదవి విరిచారు.

వచ్చిన పెట్టెను వెంటనే తెరవరు. గదిలోని గాలికి అలవాటు పడేందుకు సాధారణంగా 24 గంటలు అలాగే ఉంచుతారు. మరునాడు ఇద్దరు కూర్చుంటారు: ఇచ్చినవారి తరఫున ఒకరు, తీసుకున్నవారి తరఫున ఒకరు. పటాన్ని బల్ల మీద పరిచి, గది దీపాలు తగ్గించి, టార్చిని ఎదురుగా కాక పక్కవాటుగా, దాదాపు పటానికి సమాంతరంగా పట్టుకుంటారు. అప్పుడు నున్నగా కనిపించిన ఆకాశం ఎగుడుదిగుడుగా మారుతుంది. రంగుపొరలో నెర్రెలు, చిన్న బొబ్బలు, ఎప్పుడో తగిలిన దెబ్బకు గుడ్డ లోపలికి పోయిన గుంట నీడలుగా బయటపడతాయి. పక్కన ఆ పటం ఫోటో ముద్రించిన కాగితం ఉంటుంది. కనిపించిన ప్రతి లోపాన్ని దాని మీద గుర్తు పెడతారు. పెన్నుతో కాదు, పెన్సిలుతోనే, ఎందుకంటే కళాఖండం దగ్గరికి సిరా రానివ్వరు. చివర ఇద్దరూ సంతకం చేస్తారు. పటం తిరిగి వెళ్లేటప్పుడు ఇదే కాగితం ముందు పెట్టుకుని మళ్లీ చూస్తారు. కొత్త గీత ఒక్కటి కనిపించినా అది ఎవరి బాధ్యత అన్నది ఈ కాగితమే తేలుస్తుంది. బాయూ బట్టకు 2020లో జరిపిన ఇలాంటి పరిశీలనలో 24,204 మరకలు, 16,445 మడతలు, 9,646 చోట్ల బట్టలోనో కుట్టులోనో లోటు, ఇంకా స్థిరపరచని 30 చిరుగులు లెక్కకు వచ్చాయి. ప్రయాణాన్ని వ్యతిరేకించినవారు ఈ అంకెలనే చూపారు. ఇంత వివరంగా తెలుసు కాబట్టే జాగ్రత్తగా తరలించగలమని అనుకూలురు అన్నారు.

ఏమైనా జరిగితే కట్టేది ఎవరు

అరువు వస్తువుల బీమాను ‘మేకు నుంచి మేకు వరకు’ అంటారు. ఇచ్చినవారి గోడ మీది మేకు నుంచి దించిన క్షణాన మొదలై, మళ్లీ అదే మేకుకు తగిలించే క్షణం వరకు బాధ్యత అరువు తీసుకున్నవారిదే. పటం విలువ ఎంతో ముందే ఇరుపక్షాలు ఒప్పుకుని రాసుకుంటాయి. కళాఖండాల మార్కెట్టు ధరలు పెరిగే కొద్దీ, పటం అదే అయినా ప్రీమియం మాత్రం పెరుగుతూ పోతుంది.

దీనికి కొన్ని దేశాలు కనిపెట్టిన మార్గం ప్రభుత్వ హామీ. బీమా కంపెనీకి ప్రీమియం కట్టే బదులు, నష్టం జరిగితే ప్రభుత్వమే చెల్లిస్తుందని చట్టబద్ధంగా మాట ఇస్తుంది. అమెరికాలో 1975 నుంచి, బ్రిటన్‌లో 1980 నాటి చట్టం కింద ఈ ఏర్పాటు ఉంది. నష్టాలు అరుదు కాబట్టి ఖజానా మీద భారం తక్కువ. బాయూ బట్టకు బ్రిటిష్ ఖజానా దాదాపు 80 కోట్ల పౌండ్ల హామీ ఇస్తోందని వార్తలు వచ్చినప్పుడు అంత సొమ్ము ఖర్చవుతోందని కొందరు పొరబడ్డారు. అది చెల్లింపు కాదు, పూచీ. అమెరికా పథకం మొదట్లో విదేశాలతో ముడిపడిన ప్రదర్శనలకే వర్తించేది. స్వదేశంలో ఒక మ్యూజియం నుంచి మరొకదానికి జరిగే ప్రదర్శనలకు అది 2007లో గాని అందలేదు. ప్రాంతీయ మ్యూజియంలు చేసేవి ఎక్కువగా అటువంటి ప్రదర్శనలే.

అరువు వెళ్లిన వస్తువు తిరిగి రాని సందర్భాలు

పగుళ్లు, చిరుగులకంటే పెద్ద చిక్కు స్వామ్యం గురించినది. 1998లో న్యూయార్క్‌లో ప్రదర్శనకు వెళ్లిన ఆస్ట్రియా చిత్రకారుడు ఎగాన్ షీలే చిత్రం ‘వాలీ’ని, నాజీల కాలంలో యూదు యజమాని నుంచి లాక్కున్నదన్న ఫిర్యాదుపై అక్కడే నిలిపివేశారు, వ్యాజ్యం 2010లో రాజీతో ముగిసింది. ఇలాంటి భయాలు పోగొట్టడానికి అనేక దేశాలు, ప్రదర్శన కోసం వచ్చిన వస్తువును జప్తు చేయబోమని చట్టాలు చేశాయి. కాని జప్తు చేయకపోవడం ఒకటి, ఎవరికి తిరిగి ఇవ్వాలన్నది మరొకటి.

ఈ రెండో ప్రశ్న క్రిమియాలోని నాలుగు ప్రాంతీయ మ్యూజియంలను పట్టి పీడించింది. 2014 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లోని అలార్డ్ పియర్సన్ మ్యూజియంలో సిథియన్లనే ప్రాచీన సంచార జాతి బంగారంతో సహా క్రిమియా పురావస్తువుల ప్రదర్శన తెరిచారు. మరుసటి నెలలోనే రష్యా, ఉక్రెయిన్‌లో భాగమైన క్రిమియాను కలుపుకుంది. ప్రదర్శన ముగిశాక, ఒప్పందం చేసుకున్నది తమతో కాబట్టి తమకే ఇవ్వాలని ఆ మ్యూజియంలు, అవి తమ జాతి సంపద కాబట్టి కీవ్‌కు పంపాలని ఉక్రెయిన్ ప్రభుత్వం దావాకు దిగాయి. ఆ నేలలో తవ్వి తీసి తరతరాలుగా చూసుకున్నవారికి వస్తువు దక్కాలన్న వాదానికి బలం ఉంది. రాజ్యసంపదను ఆక్రమణలో ఉన్న చోటికి పంపరాదన్న వాదానికీ అంతే బలం ఉంది. డచ్చి సుప్రీంకోర్టు 2023 జూన్‌లో ఉక్రెయిన్ పక్షాన తీర్పు చెప్పింది. 565 వస్తువులు ఆ నవంబరులో కీవ్ చేరాయి. కొద్ది నెలల ప్రదర్శన కోసం బయలుదేరినవి పదేళ్లకు దగ్గరగా పరాయి దేశపు పెట్టెల్లో ఉండి, చివరికి బయలుదేరిన చోటికి తిరిగి రాలేదు.

ప్రదర్శన పద్దు

నది ప్రదర్శనకు తిరిగి వద్దాం. దాని మొత్తం ఖర్చు 100 పాళ్లనుకుని, ఉదాహరణకు మాత్రమే, ఇలా పంచుకుందాం: పెట్టెలు, రవాణా 35, బీమా 15, గోడలు, అద్దాల బీరువాలు, దీపాలు 20, వివరణ పలకలు, పుస్తకం 10, ప్రచారం 10, అదనపు కాపలా 10. ప్రభుత్వ హామీ దొరికితే బీమా 15 దాదాపు పూర్తిగా పోతుంది. పెట్టెల తయారీకే 12 పాళ్లు అనుకుంటే, ఇదే ప్రదర్శనను మూడు మ్యూజియంలు ఒకదాని తరువాత ఒకటి పంచుకున్నప్పుడు ఒక్కొక్కరి వాటా 4 అవుతుంది. అంటే 100 కాస్తా 77కు దిగుతుంది. సంచార ప్రదర్శనల వెనక ఉన్న ఆర్థికసూత్రం ఇంతే. కాని అప్పుడు ప్రదర్శన మూడు ఊళ్లకూ సరిపోయేలా ఉండాలి. మన ఊరి రేవు, మన ఊరి పడవల పేర్లు దానిలోంచి జారిపోతాయి.

టికెట్టు డబ్బుతో ఈ ఖర్చు వెనక్కి రావడం చాలా అరుదు. పద్దును నిలబెట్టేది పన్నులు, విరాళాలు, గ్రాంట్లు. దీనికి అమెరికాలోని డెట్రాయిట్ చెప్పుకోదగిన ఉదాహరణ. 2012లో చుట్టుపక్కల మూడు కౌంటీల ఓటర్లు డెట్రాయిట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్ట్స్ కోసం ఆస్తిపన్ను అదనంగా కట్టడానికి సమ్మతించారు. బదులుగా వారికి ప్రవేశం ఉచితమైంది. మరుసటి ఏడాదే డెట్రాయిట్ నగరం దివాలా తీసింది. సేకరణ నగరం ఆస్తి కావడంతో, పటాలను అమ్మి అప్పులు తీర్చాలని రుణదాతలు ఒత్తిడి తెచ్చారు. పింఛనుదారుల నోటికాడి ముద్ద ఒకవైపు, గోడ మీది పటాలు మరొకవైపు నిలిచిన ఆ వాదనలో ఏ పక్షాన్నీ తేలిగ్గా కొట్టివేయలేం. 2014లో ధర్మనిధులు, రాష్ట్ర ప్రభుత్వం, మ్యూజియం కలిసి పింఛన్లకు సొమ్ము కూర్చగా, సేకరణ నగరం చేతి నుంచి స్వతంత్ర సంస్థ చేతికి మారింది.

రాజధాని సరుకా, ఊరి సరుకా

ఫ్రాన్స్ ఉత్తరాన మూతపడ్డ బొగ్గుగనుల పట్టణం లాన్స్‌లో 2012 డిసెంబరులో లూవ్ర శాఖ తెరిచారు. దానికి సొంత సేకరణ లేదు. 120 మీటర్ల పొడవైన ఒకే హాలులో పారిస్ నుంచి వచ్చిన సుమారు 200 కృతులను కాలక్రమంలో నిలిపి, కొన్నింటిని ఎప్పటికప్పుడు మారుస్తూ వచ్చారు. గనిలో పనిచేసిన కుటుంబాలు పారిస్ వెళ్లకుండానే లూవ్రను చూడగలుగుతున్నాయని సమర్థకులు అంటారు. నిర్మాణానికి, నిర్వహణకు ఎక్కువ డబ్బు పెట్టేది ప్రాంతం, పేరు మాత్రం రాజధానిది, ఆ సొమ్ముతో ప్రాంతంలోనే ఉన్న పాత మ్యూజియంలు బాగుపడేవి కదా అని విమర్శకులు అడుగుతారు.

నాకు ఈ తగాదాలో ఇరుపక్షాలూ చూడని సంగతి ఒకటి కనిపిస్తుంది. పేరున్న పటం వచ్చినప్పుడు జనం పోటెత్తుతారు, వెళ్లాక పలచబడతారు. కాని ఆ పటం కోసం బాగుచేసిన తేమ యంత్రాలు, కాపలా ఏర్పాట్లు అలాగే మిగిలి, తరువాతి అరువుకు ఆ మ్యూజియంకు అర్హత తెచ్చిపెడతాయి. అందుకే కొందరు క్యూరేటర్లకు పెద్ద పటం ఒక సాకు, వారి అసలు గురి భవన వివరాల నివేదిక మీదనే.

సొంత వస్తువును అమ్మవచ్చా

నిధుల కొరత ముదిరినప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది. సేకరణ జాబితా నుంచి వస్తువును తొలగించడం దానంతట అదే తప్పు కాదు. నకళ్లను, పాడైపోయినవాటిని తొలగిస్తూనే ఉంటారు. వచ్చిన డబ్బు ఎక్కడికి పోతుందన్నదే గీటురాయి. కొత్త కళాఖండాలు కొనడానికి, ఉన్నవాటి సంరక్షణకు వాడవచ్చని, కరెంటు బిల్లుకో కొత్త భవనానికో వాడరాదని అమెరికాలోని మ్యూజియం సంఘాలు అంటాయి.

ఇంగ్లండులోని నార్తాంప్టన్ మ్యూజియం 2014లో సెఖెమ్కా అనే ఈజిప్టు అధికారి సున్నపురాయి విగ్రహాన్ని వేలానికి పెట్టింది. సుమారు 4,400 ఏళ్ల నాటి, 75 సెంటీమీటర్ల ఎత్తైన ఆ విగ్రహం కోటీ 57 లక్షల పౌండ్లకు పైగా పలికింది. మ్యూజియం విస్తరణకు డబ్బు కావాలి, ఈ విగ్రహానికీ మన ఊరికీ సంబంధం ఏమిటి అని నగర పాలకుల వాదం. దానం ఇచ్చినవారి నమ్మకం, ప్రజల హక్కు అని ఎదుటివారి వాదం. ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ ఆ మ్యూజియం గుర్తింపును రద్దు చేసింది. విస్తరణ పూర్తయి మ్యూజియం 2021లో మళ్లీ తెరుచుకుంది. అమెరికాలో పిట్స్‌ఫీల్డ్ పట్టణపు బర్క్‌షైర్ మ్యూజియం 2017లో ఇలాగే 40 కృతులను అమ్మదలచింది. అమెరికా చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ స్వయంగా దానమిచ్చిన చిత్రాలూ వాటిలో ఉన్నాయి. 2018లో కోర్టు అనుమతించింది. కళా మ్యూజియంల సంచాలకుల సంఘం మాత్రం, దానికి ఇకపై ఏ అరువూ ఇవ్వవద్దని తన సభ్యులను కోరింది. జరిమానా లేదు, జైలు లేదు. ప్రాంతీయ మ్యూజియంకు అరువు ఆగిపోవడమే పెద్ద శిక్ష అని ఆ సంఘానికి తెలుసు.

పటం పక్కన ఉన్న చీటీ

ఇంత వ్యవహారంలో చూడవచ్చినవారికి కనిపించేది పటం పక్కన ఉన్న చిన్న చీటీలోని చివరి వరుస. దాన్ని చదవడం కష్టం కాదు. ‘2019.14.3’ వంటి సంఖ్య చాలా మ్యూజియంలలో నమోదు సంఖ్య: 2019లో వచ్చిన 14వ సేకరణలోని మూడో వస్తువు అని అర్థం, కాబట్టి అది సొంతం. దానికి ముందు దాత పేరు ఉంటే దానం. ‘నిధితో కొన్నది’ అని ఉంటే కొనుగోలు. సంఖ్య లేకుండా మరో మ్యూజియం పేరు మాత్రమే ఉంటే అరువు. ‘వ్యక్తిగత సేకరణ’ అని ఉంటే యజమాని పేరు బయటపెట్టడానికి ఇష్టపడలేదని. ఫ్రాన్స్‌లోని ప్రాంతీయ మ్యూజియంలలో ‘డిపో’ అన్న మాట కనిపిస్తే, పటం దీర్ఘకాలంగా అక్కడే ఉన్నా యజమాని వేరే అని. అక్కడే కొన్ని చీటీల మీద ఎం, ఎన్, ఆర్ అనే మూడు అక్షరాలు ఉంటాయి. రెండో ప్రపంచయుద్ధం తరువాత జర్మనీ నుంచి తిరిగి తెచ్చినవాటిలో యజమానులు తేలని సుమారు రెండు వేల కృతులకు ఇచ్చిన గుర్తు అది. కొన్ని పారిస్‌లో, కొన్ని పల్లెపట్టు మ్యూజియంలలో వేలాడుతున్నాయి. అవి మ్యూజియం ఆస్తి కావు, రాజ్యం ఆస్తి కూడా కావు. హక్కుదారుల వారసులు రుజువుతో వస్తే దించి ఇచ్చేయడానికి, అంతవరకు జాగ్రత్తగా చూసుకోవడానికి మాత్రమే వాటిని గోడకు తగిలించారు.